కొనేదొకరు, కట్టేదొకరు

యాసంగి నాట్లు పడ్డాక నర్సంపేట రోడ్డు మీద పోతుంటే, ట్రాలీలో కాలిన ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన నలుగురు రైతులు కనిపించడం మాకు కొత్తేమీ కాదు. పొద్దున కాలిపోతుంది, మడి ఎండుతుంటుంది. తలా ఇంత చందా వేసుకుని, కిరాయి ట్రాక్టర్‌లో రిపేరు సెంటరుకు పట్టుకుపోతారు. ఆ కిరాయి ఏ టెండరు కాగితంలోనూ కనపడదు. కొన్న రోజు ధర ఒక్కటే ధర కాదు, వస్తువు బతికినన్నాళ్లూ అయ్యే ఖర్చంతా దాని ధరేనన్న మాట ఇప్పుడు సర్కారు మాన్యువళ్లలో కూడా ఉంది. దీన్నే జీవితకాల వ్యయం అంటున్నారు. మాట కాగితం మీదికి వచ్చింది గానీ, కొనుగోలు మాత్రం ఇంకా ఎల్1 దగ్గరే ఆగుతోంది.

ఎల్1 అంటే తెలియని ఆఫీసు లేదు. అర్హత ఉన్నవాళ్లలో ఎవరు తక్కువ రేటు వేస్తే వాళ్లకే ఆర్డరు. దీన్ని తిట్టడం తేలిక. కానీ ఇది పుట్టింది తెలివితక్కువతనంతో కాదు, అనుమానంతో. కొనేవాడి ఇష్టానికి వదిలేస్తే ఆర్డరు బామ్మర్దికి పోతుందన్న భయం. కేంద్రం ఖర్చులకు, కొనుగోళ్లకు నిబంధనలైన జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 1947లో మొదటిసారి వచ్చాయి, 1963, 2005, 2017లలో మారాయి. అన్నిసార్లు మారినా ఆ అనుమానం మాత్రం పోలేదు. ఆడిట్‌కూ ఇదే సులువు, రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ఎల్2కు ఆర్డరిచ్చిన ఆఫీసరు రిటైరయ్యేదాకా సంజాయిషీలు రాసుకోవాలి.

నిజానికి మన ప్రాంతానికి ఈ లెక్క పాతదే. కాకతీయుల కాలంలో చెరువు కట్టించడంతో పని అయిపోయేది కాదు. కట్టించినవాళ్లకు, బాగోగులు చూసేవాళ్లకు ఆయకట్టులో మాన్యం ఇచ్చే దశబంధం పద్ధతి ఉండేది. తూము తిప్పే నీరటికి పంటలో వాటా దక్కేది. మరమ్మతు ఖర్చు ఎక్కడినుంచి రావాలో కట్టేనాడే తేల్చి పెట్టారన్నమాట. ఆ ఏర్పాట్లు పోయాక చెరువుల్లో పూడిక పేరుకుంది. 2015 మార్చిలో మిషన్ కాకతీయ పేరుతో పూడికతీత మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఆధునిక రూపంలో ఈ ఆలోచన అమెరికా సైన్యం సామాన్ల దగ్గర మొదలైంది. 1965లో లాజిస్టిక్స్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ అక్కడి రక్షణ శాఖకు దీనిమీద ఒక నివేదిక ఇచ్చింది. చమురు ధరలు మండాక, 1978 చట్టంతో అక్కడి ప్రభుత్వ భవనాలకూ ఈ లెక్క వచ్చింది. 2014లో యూరోపియన్ యూనియన్ టెండర్లలో దీన్ని వాడుకోనిచ్చింది, అయితే లెక్క కట్టే పద్ధతిని ముందే టెండరులో చెప్పాలని షరతు పెట్టింది.

మళ్లీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికే వద్దాం, ఎందుకంటే మన దేశంలో ఈ లెక్క బాగా కుదిరిన చోటు అదే. ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు నష్టాలు. లోడు లేకున్నా ఇరవై నాలుగు గంటలూ ఇనుప కోర్‌లో పోయేది ఒకటి, లోడు పెరిగేకొద్దీ వైండింగ్‌లో పోయేది ఇంకొకటి. భారతీయ ప్రమాణం ఐఎస్ 1180 (2014) ప్రకారం 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ సగం లోడు మీద మొదటి సామర్థ్య స్థాయిలో 520 వాట్లు, అంతకన్నా మెరుగైన మూడో స్థాయిలో 435 వాట్లు మించి పోగొట్టకూడదు. తేడా 85 వాట్లు. ఒక బల్బుకు అటూ ఇటూ. కానీ ఏడాదికి 8,760 గంటలు కదా! ఎప్పుడూ సగం లోడే ఉందనుకుంటే దాదాపు 745 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలనుకుంటే ఏడాదికి 4,470 రూపాయలు, 25 ఏళ్లకు లక్షా పదకొండు వేలు పైనే. ముందు ముందు ఆదా అయ్యే రూపాయి ఇవాళ్టి రూపాయితో సమానం కాదు గనక, 10 శాతం తగ్గింపు రేటు వేస్తే ఇవాళ్టి విలువ 40 వేల చిల్లర. అంటే మూడో స్థాయి యంత్రం రేటు 30 వేలు ఎక్కువున్నా అదే చవక.

చిక్కంతా ఆ 6 రూపాయలు, ఆ 25 ఏళ్లు, ఆ 10 శాతం దగ్గరే. వీటిలో ఒక్కటి అటు ఇటు జరిపినా గెలిచేవాడు మారిపోతాడు. ముందే టెండరులో రాయకపోతే, ఎల్1ను పుట్టించిన పాత అనుమానమే మళ్లీ ఇంట్లోకొస్తుంది.

ట్రాన్స్‌ఫార్మర్‌ను కొనేది డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, నష్టం భరించేదీ డిస్కమే, అందుకే అక్కడ లెక్క కుదిరింది. దాని కిందున్న బోరు మోటారు దగ్గర కుదరదు. 1980ల మొదట్లోనే మీటరు పోయి హెచ్‌పీకింత అని స్లాబు వచ్చింది. 2004లో ఉచితం అయింది. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు. మోటారు కొనేది రైతు, కరెంటు ఖర్చు సర్కారుది. అందుకే రైతు స్టార్ గుర్తు చూడడు, లో వోల్టేజీకి తట్టుకుంటుందా, ఊళ్లో వైండింగ్ చేసేవాడున్నాడా అని చూస్తాడు. ఆయన లెక్కలో తప్పేం లేదు.

పంచాయతీ ట్రాక్టర్లదీ ఇదే దారి. పల్లె ప్రగతిలో ఊరికో ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు వచ్చాయి. చెత్త ఎత్తడానికి, మొక్కలకు నీళ్లు పోయడానికి బాగానే అక్కరకొచ్చాయి. కానీ కిస్తీ, డీజిల్, డ్రైవర్ జీతం, టైర్లు నెలనెలా పంచాయతీ నిధుల్లోంచే పోవాలి. రెండొందల గడపల ఊరికీ, రెండు వేల గడపల ఊరికీ అదే బండి.

కేంద్ర ఆర్థిక శాఖ 2017 కొనుగోళ్ల మాన్యువల్‌లో నడిపే ఖర్చు, మరమ్మతు, చివరికి పారేసే ఖర్చు కూడా ధరలో భాగమేనని రాసింది. 2021 అక్టోబరు 29 ఉత్తర్వుల్లో, నాణ్యత ముఖ్యమని ప్రకటించిన పనులకు నాణ్యత మార్కులు 30 శాతం దాకా వేయొచ్చంది. అయినా కొనుగోలుకు ఒక పద్దు, నిర్వహణకు ఇంకో పద్దు ఉన్నంతకాలం, మొదటి పద్దులో మిగిల్చినవాడికే శభాష్.

రిపేరు సెంటరుకు పోయిన ట్రాన్స్‌ఫార్మర్ కొత్త వైండింగ్‌తో తిరిగొస్తుంది. చేతిపని ఎంత శుభ్రంగా ఉన్నా నష్టాలు కొద్దోగొప్పో పెరుగుతాయి. రైతులు దాన్ని గద్దె మీదికెక్కిస్తారు, మోటార్లు నడుస్తాయి. దాని నేమ్‌ప్లేట్ మీద మాత్రం ఫ్యాక్టరీలో కొట్టిన పాత అంకెలే ఉంటాయి.