టవర్ దూరంగా ఉంటే రేడియేషన్ తగ్గుతుందా? 5జీ మీద అపోహలు, వాస్తవాలు

పోయిన నెల డ్రైవ్ టెస్ట్ కోసం రాజమండ్రిలో ఒక కాలనీకి వెళ్లాను. డాష్‌బోర్డు మీద టెస్ట్ ఫోన్లు, నా ఒళ్లో ల్యాప్‌టాప్. వీధి వీధీ తిరిగి సిగ్నల్ కొలవడం మా పని. కారు ఆగిందో లేదో నలుగురు చుట్టుముట్టారు. "మా పక్క మేడ మీద 5జీ టవర్ పెడుతున్నారంట కదా, పెట్టనివ్వమండీ" అన్నారు. పోల్ అప్పటికే నిలబెట్టారు, యాంటెన్నాలు బిగించనివ్వకుండా కాలనీవాళ్లు పని ఆపేశారు. 3జీ రోజుల నుంచీ ఈ ఉద్యోగంలో ఉన్నాను. జీ ముందు అంకె మారింది తప్ప గొడవ మారలేదు. అందుకే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు దీని సంగతే చెబుతాను.

అపోహ: టవర్ ఎంత దూరం పోతే మనకు రేడియేషన్ అంత తక్కువ.

వాస్తవం: మన ఒంటికి తగిలే దాంట్లో పెద్ద వాటా మన చెవికి ఆనించుకున్న ఫోన్‌దే, టవర్‌ది కాదు. టవర్ దగ్గరుంటే ఫోన్ మెల్లగా మాట్లాడుతుంది, దూరం పోయేకొద్దీ అరుస్తుంది, అంటే ఎక్కువ పవర్ వదులుతుంది. ఎంత గట్టిగా అరవాలో టవరే క్షణక్షణం ఫోన్‌కి చెబుతూ ఉంటుంది. మామూలు ఫోన్ గరిష్ఠంగా 23 డీబీఎం, అంటే 200 మిల్లీవాట్ల దాకా వెళ్లగలదు.

ఆ గుంపు వెనక గేటు పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. "అన్నయ్యా, నాకు ఎనిమిదో నెల. వాట్సాప్‌లో వీడియో చూసినప్పటి నుంచి నిద్ర పట్టట్లేదు" అంది. గుంపు మీద వచ్చిన విసుగు ఆమెను చూశాక నిలవలేదు. వాళ్ల అత్తగారిని అడిగి, టెస్ట్ ఫోన్ హాల్లో టీపాయ్ మీద పెట్టి కాల్ కలిపాను. సిగ్నల్ మైనస్ 116, అంటే చాలా బలహీనం. ఫోన్ వదులుతున్న పవర్ 22, 23 డీబీఎం దగ్గరే ఆడుతోంది. అంటే ఉన్న బలమంతా పెట్టి అరుస్తోంది. తర్వాత మెయిన్ రోడ్డు మీద పాత టవర్ కనబడే చోటికి వెళ్లి అదే కాల్ చేశాను. సిగ్నల్ మైనస్ 72, అంటే బలంగా ఉంది, పవర్ సున్నా డీబీఎం కిందికి పడింది. సున్నా డీబీఎం అంటే ఒక్క మిల్లీవాట్. వెనక్కి వచ్చి రెండు కొలతల రికార్డులూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆమె ఇంట్లో ఫోన్ 200 మిల్లీవాట్ల దగ్గర, టవర్ ఎదుట ఒకటి కంటే తక్కువ. ఏ టవర్ వద్దని కాలనీ అంతా పోట్లాడుతోందో, అది వస్తే ఆమె చెవి దగ్గర తగ్గేది ఇదే.

"మరి టవర్ నుంచి వచ్చేదో?" అని అత్తగారు అడిగారు. సరైన ప్రశ్నే. యాంటెన్నా నుంచి సిగ్నల్ దాదాపు అడ్డంగా, కొద్ది డిగ్రీలు కిందికి వాలి దూరానికి పోతుంది. సరిగ్గా కిందున్న ఇంటికి తగిలేది తక్కువ, దీపం కింద చీకటి అన్నట్టు. దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. 5జీ ఎక్కువగా నడిచే 3.3 గిగాహెర్ట్జ్ దగ్గర జనానికి అంతర్జాతీయ పరిమితి చదరపు మీటరుకు 10 వాట్లు. మన దేశం 2012లో టవర్లకు దాన్ని పదో వంతుకు తగ్గించింది. నమ్మకం కుదరకపోతే కేంద్ర టెలికాం శాఖ వారి తరంగ్ సంచార్ పోర్టల్‌లో మీ దగ్గరి టవర్ చూసుకోవచ్చు, ఫీజు కట్టి కొలిపించుకోవచ్చు కూడా. అయితే యాంటెన్నాకి ఎదురుగా, దగ్గరగా నిలబడడం మాత్రం వద్దు. టవర్ ఎక్కి పనిచేసే మా రిగ్గర్లు ఎక్కేటప్పుడు ఆ వైపు యాంటెన్నా ఆపేస్తాం. హెచ్చరిక బోర్డు ఉన్నది ఆ కాస్త చోటు కోసమే, వీధి మొత్తానికి కాదు.

క్యాన్సర్ మాట. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ రేడియో తరంగాలను "కారకం కావచ్చు" అనే 2బీ జాబితాలో పెట్టింది. వీడియోల్లో చూపించేది ఇదే. ఆ అనుమానానికి ఆధారం ఏళ్ల తరబడి ఫోన్ చెవికి పెట్టుకుని ఎక్కువసేపు మాట్లాడినవాళ్ల మీద చేసిన అధ్యయనాలు, టవర్ పక్కన కాపురం ఉన్నవాళ్లవి కావు. 2024లో అదే ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్షలో ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కీ సంబంధం కనబడలేదు. అయినా భయంగా ఉంటే లిఫ్టులో, బస్సులో, ఒక్క గీత సిగ్నల్ ఉన్న గదిలో గంటలు గంటలు మాట్లాడకండి. ఇయర్‌ఫోన్ పెట్టుకోండి.

కరోనాకు 5జీ కారణమట. సెకండ్ వేవ్ 2021 ఏప్రిల్, మేలలో. మన దేశంలో 5జీ మొదలైంది 2022 అక్టోబరు 1న. ఇంతకు మించి చెప్పడానికేమీ లేదు.

"5జీ అంటే ఇల్లంతా స్పీడే." కాదు. 3.3 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలు, శ్లాబులు దాటడంలో బలహీనం. వీధిలో దూసుకుపోయే నెట్ వంటింట్లో నత్తనడక నడవడానికి కారణమిదే. 700 మెగాహెర్ట్జ్ 5జీ సిగ్నల్ లోపలికి బాగా వస్తుంది కానీ అంత వేగం ఇవ్వదు. పాత 4జీ మీద ఆనుకుని నడిచే 5జీలో ఫోన్ మీద 5జీ గుర్తు కనబడుతున్నా డేటా 4జీలోనే పోతూ ఉండొచ్చు. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట ఫోన్ అటూ ఇటూ మారుతూ బ్యాటరీ తినేస్తుంది, అలాంటి చోట సెట్టింగ్స్‌లో 4జీకి మార్చుకోండి. ఇక 2024 జూలైలో రేట్లు పెంచినప్పుడు అన్‌లిమిటెడ్ 5జీని రోజుకు 2 జీబీ, ఆపై ప్లాన్లకే పరిమితం చేశారు. ఈ లోపాలన్నీ నిజమే, నేను కాదనను.

ఉపయోగం ఏమిటని అడిగితే సినిమా డౌన్‌లోడ్ స్పీడు చెబుతారు అందరూ. నాకు మాత్రం 2015 గోదావరి పుష్కరాలు గుర్తొస్తాయి. ఘాట్ దగ్గర డ్యూటీలో ఉన్నాను. ఫోన్‌లో గీతలన్నీ నిండుగా ఉన్నాయి, కాల్ మాత్రం కలవదు. తప్పిపోయిన తల్లి కోసం ఒకాయన పదే పదే డయల్ చేస్తూ నా పక్కనే కూలబడ్డాడు. అక్కడ లేనిది సిగ్నల్ కాదు, అంతమందికి చాలినంత చోటు. 5జీ యాంటెన్నాలో 64 దాకా ట్రాన్స్‌మిటర్లు ఉంటాయి, సిగ్నల్‌ని ఎవరు అడిగితే వాళ్ల వైపు తిప్పి పంపుతుంది. జనం కిక్కిరిసిన చోట అది చేసే సాయం 4జీతో కాదు. 2027లో మళ్లీ పుష్కరాలు. ఇప్పుడు ఆపేసిన సైట్లు అప్పటికప్పుడు లేవవు.

సిమ్ సంగతి ఒక్క ముక్కలో: జియో, ఎయిర్‌టెల్‌లలో మీ 4జీ సిమ్మే 5జీకి పనిచేస్తుంది. "5జీకి అప్‌గ్రేడ్ చేస్తాం, ఓటీపీ చెప్పండి" అన్నవాడు దొంగ. మీ మేడ మీద టవర్ పెట్టి నెలనెలా అద్దె ఇస్తాం, ముందు డిపాజిట్ కట్టండి అన్నవాడూ దొంగే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఆ కాలనీ సైటు ఇంకా ఆగే ఉంది. మొన్న ఆ అమ్మాయి భర్త ఫోన్ చేశారు. ఆమెకు తొమ్మిదో నెల వచ్చింది, ఇంట్లో కాల్ సగంలో తెగిపోతోందని డాక్టరుతో మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా మెట్లెక్కి మేడ మీదికి వెళ్తోందట. యాంటెన్నాలు బిగించని పోల్ పక్క మేడ మీద ఇంకా అలాగే ఉంది.