వెనక పన్నే కదా అని వదిలేస్తే

ముందు పన్ను ఊడితే ఆ వారంలోనే డెంటిస్ట్ దగ్గరికి పరిగెడతాం. పెళ్లిళ్లు, ఫోటోలు, ఇంటర్వ్యూలు ఉన్నాయి కదా మరి. అదే దవడ పన్ను పీకించుకున్నామనుకోండి, "పోనీలే, ఎవరికి కనిపిస్తుంది, రెండో వైపు నములుతాలే" అనుకుని ఏళ్లకేళ్లు అలాగే తిరిగేస్తాం. నోట్లో అసలు గొడవ తరచుగా మొదలయ్యేది ఆ కనిపించని ఖాళీ దగ్గరే.

చాలామందికి ముందుగా పోయే శాశ్వత పన్ను కూడా అక్కడిదే. ఆరేళ్లప్పుడు, పాలపళ్ల వరసకి వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. ఏదీ ఊడలేదు కాబట్టి ఇదీ పాలపన్నే అయ్యుంటుంది, పుచ్చినా మళ్లీ వస్తుందిలే అని ఇంట్లోవాళ్లు పట్టించుకోరు. రాదు. నమలడంలో పెద్ద భారం మోసేది అదే.

పన్ను ఎముకకి నేరుగా అతుక్కుని ఉండదు. వేరుకీ ఎముకకీ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల మందంలో ఒక నార పొర ఉంటుంది. పన్ను కాస్త కదలగలిగేది దీనివల్లే, క్లిప్పులు పెట్టి వంకర పళ్లు సరిచేయగలిగేదీ దీనివల్లే. అయితే ఈ కదలిక డాక్టర్ చెప్పినప్పుడే జరగాలని రూలేం లేదు. ఆర్టీసీ బస్సులో ముగ్గురి సీట్లోంచి మధ్య మనిషి దిగిపోగానే పక్కవాళ్లు కాళ్లు చాపుకుని సర్దుకున్నట్టు, పక్క పళ్లు ఖాళీలోకి వాలతాయి. ఎదుటి దవడలో ఉన్న పన్నుకి ఆనడానికి ఏమీ లేక అది కిందికో పైకో దిగుతూ వస్తుంది. ఒరిగిన పళ్ల సందుల్లో తిండి ఇరుక్కుంటుంది, బ్రష్ అందదు, పాచి గారగా మారుతుంది, చిగుళ్లు వాస్తాయి, పక్క పన్ను కూడా పుచ్చడం మొదలవుతుంది. అందరికీ ఒకే వేగంతో జరగదు లెండి. కొందరికి ఏళ్లు గడిచినా పెద్దగా కదలవు, కొందరికి ఏడాదిలోపే తేడా తెలుస్తుంది. మనం ఏ రకమో ముందే చెప్పడం కష్టం.

ఇంకో నష్టం బయటికి అసలు తెలియదు. నమిలినప్పుడల్లా ఆ నార పొర ద్వారా దవడ ఎముకకి ఒత్తిడి అందుతుంది, ఎముక నిలబడేది ఆ పనివల్లే. పన్ను పోతే పని పోతుంది, ఎముక అరగడం మొదలవుతుంది. వెనక పళ్లు ఒక్కొక్కటి పీకించుకున్నవాళ్లని ఏడాదిపాటు గమనించి డెన్మార్క్ పరిశోధకులు 2003లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఆ చోట ఎముక గట్టు వెడల్పు దాదాపు సగం తగ్గింది. అందులో మూడింట రెండు వంతులు మొదటి మూడు నెలల్లోనే! ఇంట్లో పెద్దవాళ్ల పళ్లసెట్టు కొన్నేళ్లకి లూజవడం చూసే ఉంటారు. సెట్టు పాడవలేదు, దాని కింద ఎముక తగ్గిపోయింది. పై పన్ను పీకిస్తే చూపు పోతుందని ఇప్పటికీ భయపడేవాళ్లున్నారు. దానికి ఆధారమేమీ లేదు, భయపడాల్సిన ఈ అరుగుదల సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

మరి ఏం పెట్టించుకోవాలి? తీసి పెట్టుకునే పన్ను చవక, కానీ భారం చిగురు మీద పడుతుంది, ఎముక అరగడం ఆగదు. బ్రిడ్జ్, అంటే పక్క పళ్ల మీద ఆనించి కట్టే పన్ను, గట్టిగానే ఉంటుంది, కాకపోతే మామూలుగా అటూ ఇటూ ఉన్న బాగున్న పళ్లని కూడా అరగదీయాలి, పోయిన ఎనామెల్ (పంటి మీది గట్టి పొర) తిరిగి రాదు. పక్క పళ్లకి ఎలాగూ క్యాప్‌లు అవసరమైతే మాత్రం బ్రిడ్జే తెలివైన పని. ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలో టైటానియం స్క్రూ బిగించి దాని మీద పెట్టే పన్ను, దీని కథ ఆసక్తికరంగా ఉంటుంది. 1952లో స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ కుందేలు ఎముకలో రక్తం ఎలా పారుతుందో చూడటానికి టైటానియం పరికరం అమర్చాడు. పని అయ్యాక తీద్దామంటే రాలేదు, ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. 1965లో మొదటి మనిషికి ఇంప్లాంట్ వేశాడు. ఇది పక్క పళ్లని ముట్టుకోదు, ఎముకకి మళ్లీ పని ఇస్తుంది. ఖర్చెక్కువ, ఎముక అతుక్కునేదాకా కొన్ని నెలలు ఆగాలి, పొగ తాగేవాళ్లకీ షుగర్ అదుపులో లేనివాళ్లకీ విఫలమయ్యే అవకాశం ఎక్కువ. ఇంప్లాంట్ పుచ్చదు కానీ చుట్టూ చిగురు చెడితే ఊడుతుంది, కాబట్టి బ్రష్ తప్పదు. ఎదిగే పిల్లలకి సాధారణంగా వేయరు, ఎందుకంటే పక్క పళ్లు దవడతోపాటు ఎదుగుతుంటే ఇది మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది.

ప్రతి ఖాళీనీ పూడ్చాల్సిందే అని చెప్పేవాళ్లని మాత్రం నమ్మకండి. జ్ఞానదంతం పోతే పెట్టించుకోనక్కర్లేదు. మరీ చివరి దవడ పన్ను లేకపోయినా చాలామంది హాయిగా నమలగలరు. జపాన్‌లో 1989 నుంచి నడుస్తున్న ప్రచారం లక్ష్యమే 80 ఏళ్లకి 20 సొంత పళ్లు, 32 కాదు. 2016 సర్వేలో ఆ వయసువాళ్లలో సగం మందికి పైగా అది సాధించారని తేలింది.

నా అభిప్రాయం ఒక్కటే: పీకించుకునే రోజునే, కుర్చీలో ఉండగానే, తర్వాత ఏం చేయాలో డాక్టర్ని అడగండి. రూట్ కెనాల్‌తో పన్ను నిలిచేదైతే అసలు పీకించుకోకండి. ఖాళీగా ఉంచుదామని ఇద్దరూ అనుకుంటే, చెకప్‌కి వెళ్లినప్పుడల్లా పక్కవి వాలుతున్నాయా, ఎదుటిది దిగుతోందా చూడమనండి. కదలిక మొదలైందంటే వాయిదా వేయకండి, ఆలస్యమైతే ఇంప్లాంట్ కంటే ముందు అరిగిన చోట ఎముక పెరగడానికి ఎముక పొడి వేయడానికో, ఒరిగిన పన్నుని క్లిప్పులతో లేపడానికో మరో ఖర్చు తగులుతుంది.