వదిలేసిన పెంపుడు జంతువులు, షెల్టర్ పని: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ శివారులో దాతల సాయంతో నడిచే ఒక చిన్న జంతు సంరక్షణ కేంద్రంలో పశువైద్యురాలిగా పనిచేస్తున్నాను. మా దగ్గరకు చేరే కుక్కల్లో, పిల్లుల్లో వీధిలోనే పుట్టి పెరిగినవీ ఉంటాయి, నిన్నమొన్నటి దాకా ఎవరింట్లోనో పెరిగి ఉన్నట్టుండి వీధిన పడినవీ ఉంటాయి. మాకు ఫోన్ చేసేవారిలో ఎక్కువమంది మంచి మనసున్నవారే. అయినా వారి నమ్మకాల్లో కొన్ని ఆ జంతువుల ప్రాణాల మీదికి, కొన్ని మనుషుల ప్రాణాల మీదికి తెస్తున్నాయి. అందుకే తరచుగా వినే మాటలను ఒక్కొక్కటిగా తీసుకుని వివరిస్తున్నాను.

అపోహ: పెంచలేకపోతే బయట వదిలేయవచ్చు, కుక్క ఎలాగోలా బతికేస్తుంది.

వాస్తవం: రోడ్డు మీద దొరికిన కుక్కను పరీక్ష బల్ల మీదికి ఎక్కించగానే అది ఇంటి కుక్కా, వీధి కుక్కా అన్నది చాలాసార్లు దాని ఒళ్లే చెబుతుంది. మెడ చుట్టూ పట్టీ ఒరుసుకుని వెంట్రుకలు రాలిన గీత కనిపిస్తుంది. నున్నటి టైల్స్ మీద మాత్రమే నడిచినందువల్ల గోళ్లు అరగక పొడవుగా పెరిగి ఉంటాయి, తారు రోడ్డు వేడికి అరికాళ్ల మెత్తలు బొబ్బలెక్కి తోలు లేచి ఉంటుంది. షిట్జూ వంటి బొచ్చు కుక్క అయితే వెంట్రుకలు ఉండలు కట్టి, వాటి కింద చర్మం తడిసి కుళ్లు వాసన వేస్తూ ఉంటుంది. అంత బాధలోనూ చెయ్యి చాపితే ముందు కాలు ఎత్తి చేతిలో పెడుతుంది.

వీధిలో పుట్టిన కుక్కకు తిండి ఎక్కడ దొరుకుతుందో, ఏ సందులోకి వెళితే అక్కడి గుంపు తరుముతుందో, రోడ్డు ఎప్పుడు దాటాలో పిల్లగా ఉన్నప్పుడే అలవడుతుంది. ఇంట్లో గిన్నెలో పెడితే తిన్న కుక్కకు ఇవేవీ తెలియవు. అది వదిలిన చోటే కూర్చుని, అదే రంగు కారు వచ్చినప్పుడల్లా దాని వెంట పరుగెత్తుతుంది. ఆ పరుగులోనే చాలా కుక్కలు వాహనాల కింద పడుతున్నాయి. తప్పించుకున్నవాటిని గోమార్ల ద్వారా వచ్చే ఎర్లీకియా, బెబీసియా జ్వరాలు రక్తహీనతకు గురిచేస్తాయి.

ఇలా వదిలేయడం నేరం కూడా. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షన్, ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును సరైన కారణం లేకుండా వదిలేయడాన్ని శిక్షార్హమైన చర్యగా పేర్కొంది. అయితే మొదటిసారి పట్టుబడితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు మాత్రమే. దశాబ్దాల కిందటి ఆ మొత్తం ఈనాటికీ మారకపోవడం అన్యాయమని నా అభిప్రాయం. పెంచలేని స్థితి ఎవరికైనా రావచ్చు. అప్పుడు రాత్రిపూట షెల్టర్ గేటుకు కట్టేసి వెళ్లిపోకుండా ముందుగా మాట్లాడితే, కొత్త ఇల్లు దొరికేదాకా కుక్కను పాత ఇంట్లోనే ఉంచి, ఒక ఇంటి నుంచి నేరుగా మరో ఇంటికి పంపే ప్రయత్నం చేయగలుగుతాము.

అపోహ: షెల్టర్‌లో చేర్పిస్తే ఇక దానికి ఏ లోటూ ఉండదు.

వాస్తవం: షెల్టర్ ఆసుపత్రి వంటిది. అక్కడ ఉండాల్సిన అవసరం తీరగానే బయటపడటమే జంతువుకు మేలు. ఎంత శుభ్రంగా నడిపినా, రకరకాల చోట్ల నుంచి వచ్చిన జంతువులు ఒకే ఆవరణలో ఉన్నప్పుడు జబ్బులు అంటుకునే ప్రమాదం ఉంటుంది. టీకాలు పూర్తికాని కూనలకు పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులు రెండూ ప్రాణాంతకమే. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది, మనం చేతులకు రాసుకునే ఆల్కహాల్ శానిటైజర్‌కు అది చావదు, బ్లీచ్ ద్రావణంతోనే గదులు కడగాలి. అందువల్ల కొత్తగా వచ్చిన ప్రతి జంతువునూ 14 రోజులు విడిగా ఉంచుతాము. ఈ విడి గదులు నిండిపోయిన రోజున "ఖాళీ లేదు" అంటే చాలామంది మాకు దయ లేదని కోపగించుకుంటారు. ఖాళీ లేకుండా చేర్చుకుంటే లోపల ఉన్న కూనలన్నీ ప్రమాదంలో పడతాయని దయచేసి గ్రహించండి.

అపోహ: కూనలు ఒంటరిగా కనిపిస్తే తల్లి వదిలేసినట్టే, వెంటనే తెచ్చి అప్పగించాలి.

వాస్తవం: తల్లి తిండి కోసం వెళ్లి ఉండవచ్చు. పిల్లి అయితే తన పిల్లలను ఒక్కొక్కటిగా నోట కరుచుకుని చోటు మార్చే పనిలో ఉండవచ్చు. కూనలు పొట్ట నిండి, ఒళ్లు వెచ్చగా, నిద్రపోతూ ఉంటే వాటికి తల్లి ఉన్నట్టే లెక్క. దూరంగా నిలబడి కొన్ని గంటలు గమనించండి. దగ్గరే మనిషి ఉంటే తల్లి రాదు. అవి విడవకుండా ఏడుస్తూ, ఒళ్లు చల్లబడి ఉంటేనే మీరు కల్పించుకోవాలి. అప్పుడైనా ముందుగా ఇవ్వాల్సింది వెచ్చదనం, ఆ తర్వాతే పాలు, ఎందుకంటే ఒళ్లు చల్లబడిన కూన పాలను అరిగించుకోలేదు. గోరువెచ్చని నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి. ఆవుపాలు, గేదెపాలు విరేచనాలకు దారితీస్తాయి కాబట్టి కూనలకని అమ్మే పాలపొడి వాడాలి. పొట్ట నేలకు ఆనేలా బోర్లా ఉంచి పట్టాలి, వెల్లకిలా పట్టుకుంటే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సుమారు మూడు వారాలు నిండేవరకు అవి తమంతట తాము మూత్రం, మలం విసర్జించలేవు. తల్లి నాకి చేయించే ఆ పనిని మనం పాలు పట్టిన ప్రతిసారీ తడి దూదితో సున్నితంగా రుద్ది చేయించాలి. ఈ చివరి సంగతి తెలియక మంచి మనుషుల చేతుల్లోనే పిల్లి పిల్లలు, కుక్క కూనలు చనిపోవడం మేము చూస్తున్నాము.

అపోహ: వీధి కుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెడితే సమస్య తీరిపోతుంది.

వాస్తవం: 2019 పశుగణన ప్రకారం దేశంలో వీధి కుక్కలు సుమారు 1.53 కోట్లు. ఇన్నిటిని జీవితాంతం మేపే షెల్టర్లు ఎక్కడా లేవు. ఒక వీధి నుంచి కుక్కలను తీసేసి చెత్తకుప్పను అలాగే ఉంచితే, పక్క వీధుల నుంచి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాని, టీకా లేని కుక్కలు అక్కడికి చేరతాయి. కుక్క గర్భం దాదాపు 63 రోజులే కాబట్టి ఆ ఖాళీ ఎన్నాళ్లో మిగలదు. జంతు జనన నియంత్రణ నియమాలు, 2023 చెబుతున్నది ఇదే: కుక్కను పట్టి, ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి, గుర్తుగా చెవి అంచును కొద్దిగా కత్తిరించి, పట్టిన చోటే వదలాలి. ఈ కార్యక్రమం స్థానిక సంస్థల బాధ్యత. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు కూడా రేబీస్ సోకినవాటికి, దూకుడుగా ప్రవర్తించేవాటికి మినహాయింపు పెట్టి ఈ పద్ధతినే నిలిపింది. అదే సంవత్సరం నవంబరు 7న విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను మాత్రం షెల్టర్లకు తరలించాలని ఆదేశించింది.

పిల్లలను వీధి కుక్కలు కరిచిన ఘటనలు చూసి తల్లిదండ్రులు భయపడటం సహజమే, ఆ భయాన్ని తేలిక చేసి మాట్లాడే జంతు ప్రేమికులతో నేను ఏకీభవించను. ఆ భయం తగ్గాలంటే ఆపరేషన్లు, టీకాలు, చెత్త తొలగింపు ఒకే ప్రాంతంలో ఆగకుండా జరగాలి. ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా పడితేనే వాటి మధ్య రేబీస్ గొలుసు తెగుతుంది.

అపోహ: కుక్క కాటుకు బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు వేయించుకోవాలి. చిన్న గీరుడుకైతే అక్కర్లేదు, పసుపో, సున్నమో, కారమో పెడితే చాలు.

వాస్తవం: ఇందులో ఒక్క మాటా నిజం కాదు. పొట్టలో వేసే ఆ పాత టీకాను మన దేశంలో 2004 చివరిలోనే ఆపేశారు. ఇప్పుడు చేతి పైభాగంలో వేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో, కండరంలోకి వేసే పద్ధతిలో అదనంగా 14వ రోజున కూడా వేస్తారు. కరిచినా, గీరినా మొదట చేయాల్సింది గాయాన్ని ధారగా పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగడం. కారం, సున్నం గాయాన్ని మరింత రేపుతాయి, పసరు మందు విలువైన సమయాన్ని తినేస్తుంది. రక్తం వచ్చిన కాటుకు టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణనిచ్చే ప్రతిరక్షకాల ఇంజెక్షన్) కూడా వేయాలి. కరిచిన కుక్కను 10 రోజులు గమనించమని మేము చెబుతాము, అయితే గమనించాక చూద్దామని టీకాను ఆపకూడదు. కూన కరిచినా, పెంపుడు కుక్క కరిచినా డాక్టరుకు చూపించుకోవాల్సిందే. లక్షణాలు బయటపడ్డాక రేబీస్ నుంచి ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం, లక్షణాలకు ముందు సరైన చికిత్స అందితే దాన్ని దాదాపు పూర్తిగా నివారించవచ్చు. మా షెల్టర్‌లో పనిచేసే ప్రతి ఒక్కరూ పనిలో చేరేటప్పుడే ముందస్తు టీకా వేయించుకుంటారు.

అపోహ: ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లిని పంపించేయాలి.

వాస్తవం: ఇళ్ల నుంచి పిల్లులను వదిలించుకోవడానికి మేము ఎక్కువగా వినే కారణం ఇదే, పైగా పెద్దలు చెప్పారన్న మాట కావడంతో కోడళ్లు ఎదురు చెప్పలేకపోతారు. భయమంతా టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. కడుపులోని బిడ్డకు అది నిజమైన ప్రమాదమే. అయితే పిల్లి సాధారణంగా తనకు మొదటిసారి సోకినప్పుడు కొన్ని వారాలు మాత్రమే దాన్ని మలంలో విసర్జిస్తుంది, ఆ మలం కూడా ఒక రోజు నుంచి అయిదు రోజుల తర్వాతే అంటుకునే స్థితికి వస్తుంది. కాబట్టి పిల్లి మలాన్ని రోజూ ఇంట్లో మరొకరు తీసేస్తే, పిల్లికి పచ్చి మాంసం పెట్టకపోతే, వేటకు బయటికి వదలకపోతే ప్రమాదం చాలా తగ్గిపోతుంది. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు, చేతి తొడుగులు లేకుండా తోటపని కూడా ఈ జబ్బుకు దారులే. మీ ప్రసూతి వైద్యురాలితో మాట్లాడండి, పిల్లి విషయం మాతో మాట్లాడండి.

అపోహ: ఆడకుక్కకు ఒక కాన్పు అయ్యాకే ఆపరేషన్ చేయించాలి.

వాస్తవం: కాన్పు వల్ల దాని ఆరోగ్యానికి ఒరిగేదేమీ లేదు. ఆపరేషన్ లేకుండా వయసు మళ్లిన ఆడకుక్కల్లో గర్భసంచిలో చీము పట్టడం సాధారణం, ఆ స్థితిలో చేసే అత్యవసర శస్త్రచికిత్స చాలా ప్రమాదకరం.

అపోహ: పురుగులు పట్టిన పుండు మీద ఫినాయిల్ పోయాలి, జ్వరానికి మనం వేసుకునే మాత్రే వేయాలి.

వాస్తవం: ఫినాయిల్, పెట్రోలు చర్మాన్ని కాల్చి, నాకినప్పుడు కడుపులోకి పోయి విషమవుతాయి. పారాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. ఈగలు వాలకుండా పుండును పలుచటి గుడ్డతో కప్పి తీసుకురండి. చెవి వెనక చిల్లుకాసంత కనిపించే పుండు లోపల దవడ దాకా పోయి ఉండటం, అందులోంచి పట్టకారుతో ఒక్కో పురుగునూ ఏరి తీయడానికి గంటకు పైగా పట్టడం మాకు మామూలే. మందు ఇచ్చి కట్టు మారుస్తూ ఉంటే అంత పుండు కూడా మానుతుంది.

అపోహ: నాటు కుక్కలు, పెద్ద వయసు కుక్కలు ఇంటికి పనికిరావు.

వాస్తవం: మన ఎండలకు, మన వాతావరణానికి తట్టుకునే ఒళ్లు నాటు కుక్కది. పెద్ద కుక్క స్వభావం ఎలాంటిదో మేము ముందే చెప్పగలం, కూన విషయంలో చెప్పలేము. దత్తతకు వచ్చినవారిని ఇల్లు చూపించమని, ఇంటిల్లిపాదినీ తీసుకురమ్మని, అద్దె ఇల్లయితే యజమాని అనుమతి ఉందా అని అడుగుతాము. కొందరికి ఇది అవమానంగా తోస్తుంది. ఒకసారి వీధిన పడిన జంతువును రెండోసారి పడనివ్వకూడదన్నదే మా పట్టుదల.

అపోహ: షెల్టర్లకు ప్రభుత్వం డబ్బిస్తుంది, మేము బిస్కెట్లు తెస్తే చాలు.

వాస్తవం: మా షెల్టర్ ఖర్చు దాతలదే, అందులో పెద్ద భాగం మందులకు, సెలైన్లకు, ఎక్స్‌రేలకు పోతుంది. బిస్కెట్లు, బిర్యానీ ఎముకలు తేవద్దు, ఉడికిన ఎముకలు చీలి పేగులకు గుచ్చుకుంటాయి. పాత తువ్వాళ్లు, దుప్పట్లు, వార్తాపత్రికలు, బియ్యం తెండి. సీసా పాలు పట్టాల్సిన కూనలకు, ఆపరేషన్ తర్వాత కోలుకునే వాటికి రెండు మూడు వారాలు ఇంట్లో ఒక గది ఇవ్వగలిగితే, ఇక్కడ ఒక విడి గది ఖాళీ అవుతుంది. సెలవులకు ఊళ్లకు వెళ్లేవారు కుక్కలను వదిలేసే ఏప్రిల్, మే నెలల్లో మాకు ఈ ఇళ్లే అన్నిటికంటే ఎక్కువగా కావాలి.