ఇథనాల్ ఎక్కువైతే ఆర్సెనిక్ లేస్తుంది

"కాలుష్యాన్ని తినే బ్యాక్టీరియా ఉందట కదండీ, దాన్ని బోరులో పోస్తే సరిపోదా?" అని ఓ పాఠకుడు అడిగారు. తినడం నిజమే, కానీ చాలాచోట్ల అది తినేది మనం పోసిన ఇథనాల్‌నో చెరకు మడ్డినో. బడి పుస్తకాలు కాలుష్యం నుంచి బ్యాక్టీరియాకు ఒక బాణం గీసి వదిలేస్తాయి గనక ఈ సంగతి తెలియదు.

కాలిఫోర్నియాలో, మొహావీ ఎడారిలో హింక్లీ అనే ఊరుంది. పీజీ అండ్ ఈ కంపెనీ పైపుల్లో గ్యాస్‌ను నెట్టే తన కంప్రెసర్ స్టేషన్ కూలింగ్ టవర్లు తుప్పు పట్టకుండా 1950లు, 60లలో వాడిన క్రోమియం-6 (క్రోమియానికి నీళ్లలో కరిగే విషపు రూపం) అక్కడి భూగర్భ జలంలోకి దిగింది. 1996లో ఊరివాళ్లతో 33.3 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ కోర్టు గొడవ కన్నా నాకు తర్వాతి కథే ఇష్టం. శుద్ధి కోసం నేలలోకి ఇథనాల్ ఎక్కించారు.

ఇథనాల్ తిన్న బ్యాక్టీరియా అందులోని ఎలక్ట్రాన్లను ఎవరికో ఒకరికి వడ్డించాలి. పెళ్లి భోజనాల్లాగే ఇక్కడా బంతులుంటాయి. మొదటి బంతి ఆక్సిజన్‌ది, రెండోది నైట్రేట్‌ది. ఆ తర్వాత కాస్త అటూ ఇటూగా క్రోమేట్ (అంటే నీళ్లలో కరిగి ఉన్న క్రోమియం-6), మాంగనీస్ కూర్చుంటాయి. మూడు ఎలక్ట్రాన్లు అందగానే క్రోమియం-6 కాస్తా క్రోమియం-3 అయి, దాదాపు కరగని హైడ్రాక్సైడ్‌గా మట్టిలో ఉండిపోతుంది. మనకు కావలసింది ఇదే. మాంగనీస్ మాత్రం తిన్నాక నీళ్లలో కరుగుతుంది.

వండింది ఇంకా మిగిలితే ఇనుము బంతి మొదలవుతుంది. మట్టిలోని ఇనుప ఆక్సైడ్లు ఫెర్రస్‌గా, అంటే ఇనుము కరిగే రూపంగా మారి కరుగుతాయి. వాటిని అంటిపెట్టుకుని ఉన్న సహజమైన ఆర్సెనిక్ కూడా నీళ్లలోకి వచ్చేస్తుంది. అలాగని ఈ బంతిని పూర్తిగా ఆపేద్దామన్నా కుదరదు, ఎందుకంటే ఫెర్రస్ కూడా క్రోమేట్‌కు ఎలక్ట్రాన్లు అందిస్తుంది. ఇంకా పోస్తే సల్ఫేట్ వంతు, కుళ్లిన గుడ్ల వాసన. చివర్లో మీథేన్.

అందుకే హింక్లీలో క్రోమియం ఒక్కటే కొలిస్తే చాలదు, మాంగనీస్, ఇనుము, ఆర్సెనిక్ కూడా కొలవాలి. నీళ్లు తేటగా ఉంటే మంచివేనన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు, ఆర్సెనిక్‌కు రంగూ రుచీ లేవు. తాగునీటిలో దాని పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములే. ఇథనాల్‌ను కొద్దికొద్దిగా, విడతలుగా పోయాలి. ప్రవాహానికి దిగువన ఆక్సిజన్ ఉన్న నేల తగినంత ఉంటే ఫెర్రస్ మళ్లీ తుప్పుగా మారి ఆర్సెనిక్‌ను చాలావరకు పట్టేస్తుంది. ఆ మధ్యలో తాగునీటి బావి ఉండకూడదు.

క్రోమియం ఉన్న నేలలోనే ద్రావకాల కాలుష్యం కూడా ఉందనుకోండి, దాన్ని కాల్చేయడానికి ఎలక్ట్రాన్లు లాక్కునే పర్మాంగనేట్ ఎక్కిస్తే వడ్డన తిరగబడుతుంది. మట్టిలో కూర్చున్న క్రోమియం-3 తిన్న ఎలక్ట్రాన్లను తిరిగి ఇచ్చేసి, మళ్లీ క్రోమియం-6గా నీళ్లలోకి నడుస్తుంది.