గోడెక్కే గోమార్లు

కుక్క ఒంటి మీద గోమారి కనబడగానే చాలామంది చేసే మొదటి పని దానికి స్నానం చేయించడం. ఆ తర్వాత పెట్ షాపులో ఇచ్చిన పౌడరేదో చల్లుతారు. కొన్నాళ్లు బాగానే ఉంటుంది. మళ్లీ ఓ రోజు చెవి వెనక నాలుగు కనబడేసరికి "మందు పని చెయ్యలేదు" అనుకుంటారు. చాలాసార్లు మందు తప్పు ఉండదు. ఆ నాలుగూ పాతవి కావు, గోడ పగుళ్లలోంచి కొత్తగా దిగొచ్చినవి.

మన ఊళ్లలో కుక్కల్ని ఎక్కువగా పట్టేది గోధుమరంగు గోమారి. పిడుదు అని కూడా అంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు రైపిసెఫాలస్ సాంగ్వినియస్. ఇది సాలీడుకు, తేలుకు చుట్టం. పెద్దదానికి ఎనిమిది కాళ్లుంటాయి, గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లకు మాత్రం ఆరే. చాలా జాతుల గోమార్లకు తేమ, గడ్డి ఉంటే తప్ప గడవదు. దీనికి ఆ బాధ లేదు. పొడి గాలిని తట్టుకుంటుంది కాబట్టి, మూడో అంతస్తు ఫ్లాట్‌లో కూడా హాయిగా కాపురం పెట్టేస్తుంది.

ఆడ గోమారి తన జీవితం మొత్తంలో మూడుసార్లే కడుపు నింపుకుంటుంది. పిల్లగా ఉన్నప్పుడు ఒకసారి, కొంచెం ఎదిగాక ఒకసారి, పెద్దయ్యాక ఒకసారి. ప్రతిసారీ కొన్ని రోజులు రక్తం తాగి కిందికి రాలిపోతుంది. చివరిసారి తాగాక ఆముదం గింజంత అయి, బూడిద రంగుకు తిరుగుతుంది. రాలింది నేల మీద ఉండదు, పైకి పాకుతుంది. రాత్రిపూట టార్చి పట్టుకుని కుక్క పడుకునే చోటికి దగ్గర్లో ఉన్న తలుపు చట్రం, కర్టెన్ మడతలు, గోడకు తగిలించిన ఫొటో వెనక చూడండి. ముదురు గోధుమరంగు గుడ్లు ఒకదానికొకటి అంటుకుని కుప్పగా కనబడొచ్చు. ఒక్క ఆడది వేలల్లో గుడ్లు పెడుతుంది, పెట్టాక చచ్చిపోతుంది. కొన్ని వారాలకు వాటిలోంచి అర మిల్లీమీటరు పిల్లలు వస్తాయి. పెద్దవైతే తిండి లేకుండా నెలల తరబడి ఉండగలవు. రెండు నెలలు ఇల్లు తాళం వేసి ఊరెళితే అవే పోతాయనుకోవడం వట్టి భ్రమ. ముందు కాళ్ల చివర చిన్న గుంటలో వాటికి వాసన పసిగట్టే అవయవం ఉంది. కుక్క వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కూడా అది కనిపెడుతుంది.

ఈ కాస్త రక్తం పోవడం పెద్ద నష్టమేమీ కాదు. అసలు టెన్షన్ గోమారి వెంట వచ్చే జబ్బులతో. వాటిలో ముఖ్యమైనదాన్ని తెచ్చే ఎర్లికియా కేనిస్ అనే బ్యాక్టీరియాను 1935లో అల్జీరియాలో గుర్తించారు. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైన్యం వాడిన కుక్కలు వందల్లో దీనికి బలయ్యాయి, అందులో జర్మన్ షెపర్డ్‌లకు జబ్బు మరీ ముదిరింది. మొదట జ్వరం వస్తుంది, కుక్క తిండి మానేస్తుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. తర్వాత దానంతటదే తగ్గినట్టు అనిపిస్తుంది. ఇక్కడే యజమానులు మోసపోతారు. నెలల తర్వాత ఎముకల్లోని మూలుగ దెబ్బతిని, ముక్కులోంచి రక్తం కారేదాకా వెళ్లొచ్చు. తొలిదశలో పట్టుకుంటే డాక్సీసైక్లిన్ అనే మామూలు యాంటీబయాటిక్‌తో, సుమారు నాలుగు వారాల కోర్సుతో, చాలా కుక్కలు తేరుకుంటాయి.

ఇంకొకటి బబీసియా గిబ్సోనై అనే ఏకకణ పరాన్నజీవి. ఇది మన దక్షిణాదిలోనే బయటపడింది. 1910లో మద్రాసు వేట కుక్కల రక్తంలో దీన్ని ప్యాటన్ అనే పరిశోధకుడు చూశాడు. ఎర్ర రక్తకణాల్లో చేరి వాటిని పగలగొడుతుంది, చిగుళ్లు పాలిపోతాయి. హెపటోజూన్ అనే మరో పరాన్నజీవి తీరే వేరు. అది కాటుతో రాదు, కుక్క తన ఒంటి మీది గోమారిని కొరికి మింగితే వస్తుంది.

కుక్కను రోజూ తడిమి చూసుకుంటే చాలదా అంటే, చాలదు. బబీసియా ఎక్కడానికి గోమారి సాధారణంగా రెండు రోజులైనా పట్టుకుని ఉండాలి. ఎర్లికియా మాత్రం కొన్ని గంటల్లోనే ఎక్కగలదని ప్రయోగాల్లో తేలింది. కాబట్టి కుక్కకు ముందే మందు వేసి ఉంచడం మేలు. ఇప్పుడు ఎక్కువగా రాసేవి ఐసోక్సాజోలిన్ మాత్రలు. అఫాక్సొలానర్ నెలకోసారి వెయ్యాలి, ఫ్లురలానర్ సుమారు 12 వారాలు పనిచేస్తుంది. గోమారి నరాల్లో ఉద్రేకాన్ని అణిచే క్లోరైడ్ మార్గాలను ఈ మందులు మూసేస్తాయి. దాంతో అది అదుపు తప్పి వణికి చస్తుంది. క్షీరదాల నరాల మీద ప్రభావం చాలా తక్కువ. అయినా మూర్ఛ వచ్చే కుక్కలకు జాగ్రత్త అని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. మీ కుక్కకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

గేదెలకు వాడే గోమార్ల మందు అమిట్రాజ్‌ను అంచనాగా నీళ్లలో కలిపి కుక్కకు పోసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి, మోతాదు మించితే అది విషం. పురుగుల మందుగా వేసే ఐవర్‌మెక్టిన్ సూది కోలీ జాతి కుక్కల్లో కొన్నింటికి ప్రాణాంతకం. పర్మెత్రిన్ ఉన్న చుక్కల మందు కుక్కకు పడినా, అదే ఇంట్లో ఉన్న పిల్లికి ముప్పు. కిరసనాయిలు చర్మాన్ని కాలుస్తుంది.

మందు ఒక్కసారి వేసి ఆపితే గోడలో ఉన్నవాటికి మళ్లీ దారి ఇచ్చినట్టే. ఇంట్లో ఎన్ని కుక్కలుంటే అన్నింటికీ ఒకేసారి, కనీసం మూడు నాలుగు నెలలు మానకుండా వెయ్యాలి. అప్పుడు గుడ్లలోంచి వచ్చిన ప్రతి బ్యాచీ మందున్న రక్తమే తాగి చస్తుంది. ఈలోగా గోడ పగుళ్లు వైట్ సిమెంటుతో పూడ్చి, పక్క గుడ్డలు వేడినీళ్లలో ఉతకాలి. గోడలకు మందు కొట్టిస్తే, ఆరేదాకా కుక్కను బయటే ఉంచాలి.

చేత్తో తీయాల్సి వస్తే సన్నటి ఫోర్సెప్స్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలిపెట్టకుండా నిదానంగా పైకి లాగాలి. చెవి లోపల, కాలివేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద వెతకడం మరిచిపోకండి. తీసినదాన్ని స్పిరిట్ సీసాలో వెయ్యండి, వేళ్లతో చిదమకండి. ఈ గోమారే మనుషులకు టిక్ టైఫస్ అనే జ్వరం అంటించగలదు. తీసిన వారం పది రోజుల్లో మీకు జ్వరం, ఒంటి మీద దద్దుర్లు వస్తే, డాక్టరుకు గోమారి సంగతి కూడా చెప్పండి.