‘ఐటిస్’ అనే తోక వెనక కథ

మోచెయ్యి నొప్పి అని వెళ్తే ఒక డాక్టర్ ఇంజెక్షన్ వేస్తానంటారు. ఇంకొకరు ఇంజెక్షన్ జోలికి పోవద్దు, బరువుతో వ్యాయామం చెయ్యమంటారు. మూడో ఆయన కొన్నాళ్లు ఓపిక పట్టమంటారు. ముగ్గురూ చదువుకున్నవాళ్లే. మరి ఇంత తేడా ఎందుకంటే, దాదాపు యాభై ఏళ్లుగా ఒక పేరు తోక చుట్టూ నడుస్తున్న గొడవలోకి వెళ్లాలి.

ఇక్కడ నొప్పి ఉండేది కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడులాంటి భాగంలో. దాని పేరు టెండన్. మనం మాటల్లో దీన్నీ నరమే అనేస్తాం, ‘నరం పట్టేసింది’ అంటాం. అసలు నరం వేరు, ఇది వేరు. పేర్ల తికమక డాక్టర్లకూ తక్కువేం కాదు. టెన్నిస్ ఎల్బో సంగతే చూడండి. 1873లో జర్మన్ వైద్యుడు రుంగె దీని ఊసెత్తింది రాతపని చేసేవాళ్ల చేతి బాధ గురించి రాస్తూ. టెన్నిస్ పేరు ఆ తర్వాతి దశాబ్దంలో వచ్చి అతుక్కుంది. ఇప్పుడు ఈ నొప్పితో వచ్చేవాళ్లలో ఎక్కువమంది జీవితంలో టెన్నిస్ రాకెట్ ముట్టనివాళ్లే.

అలాంటి పేర్లు నవ్వుకుని వదిలెయ్యొచ్చు. ‘టెండినైటిస్’ అలా వదిలేసేది కాదు. వైద్యంలో చివర ‘ఐటిస్’ అని ఉంటే అక్కడ ఇన్‌ఫ్లమేషన్ ఉందని అర్థం. అంటే రక్షణ కణాలు గుంపుగా చేరి వాపు, వేడి, ఎరుపు, నొప్పి తెస్తున్నాయని. అలా అనుకున్నాక మందు కూడా ఖాయమైపోతుంది. విశ్రాంతి, ఐస్, వాపు తగ్గించే మాత్రలు, అవీ పనిచెయ్యకపోతే స్టెరాయిడ్.

స్టెరాయిడ్ మీద అంత నమ్మకం ఊరికే రాలేదు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాతంతో కదల్లేని ఒక మహిళకు కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే, కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్, కెండల్, రైఖ్‌స్టైన్ ముగ్గురికీ కలిపి నోబెల్ వచ్చింది. 1951లో అమెరికా వైద్యుడు హాలెండర్ అదే కోవలోని హైడ్రోకార్టిసోన్‌ను నేరుగా కీలులోకి ఎక్కించిన ఫలితాలు ప్రచురించాడు. కీలుకు పనిచేసింది పక్కనున్న టెండన్‌కు పనిచెయ్యదా అనుకున్నారు. పనిచేసింది కూడా. వారం తిరిగేసరికి నొప్పి మాయమైన రోగికి ఇంకే రుజువు కావాలి?

మొదటి అనుమానం మైక్రోస్కోప్ దగ్గర పుట్టింది. ఆపరేషన్‌లో కోసి తీసిన టెండన్ ముక్కలను పరీక్షిస్తే వాటిలో ఇన్‌ఫ్లమేషన్ కణాలు పెద్దగా కనపడలేదు. మంచి టెండన్ తెల్లగా మెరుస్తుంది, లోపల కొలాజెన్ అనే ప్రొటీన్ పోగులు దువ్విన జుట్టులా ఒకే వరుసలో ఉంటాయి. జబ్బు చేసినది బూడిద రంగుకు తిరిగి, పోగులు చిక్కుపడి, మధ్యలో కొత్త రక్తనాళాలు దూరి ఉంది. ఇటలీలో పుద్దు బృందం 1976లో మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్ విషయంలో ‘టెండినోసిస్’ అన్న మాట వాడింది. వాపు కాదు, అరుగుదల అని వాళ్ల ఉద్దేశం. 1979లో నిర్షెల్, పెట్రోన్ మోచేతి విషయంలోనూ దాదాపు ఇదే చెప్పారు. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఆ ముక్కలన్నీ ఆపరేషన్ దాకా వెళ్లిన రోగులవి, అంటే నెలలూ ఏళ్లూ నలిగిన టెండన్లవి. జబ్బు మొదలైన రోజుల్లో లోపల ఏముందో అవి చెప్పలేవు.

పేరు మీద చర్చ పత్రికల్లోనే ఉండిపోయింది. ఆసుపత్రిలో పద్ధతి మారడానికి స్వీడన్‌లో ఒక సర్జన్‌కు కాలు నొప్పి రావాల్సి వచ్చింది. ఉమియో నగరంలో పనిచేసే హోకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్‌కు అకిలిస్ నొప్పి పట్టుకుంది. ఆపరేషన్ చెయ్యమని పై డాక్టర్‌ను అడిగితే, తెగని టెండన్‌కు ఆపరేషన్ ఏంటి అని ఆయన ఒప్పుకోలేదట. అయితే తెంపుకునే వస్తానని ఆల్‌ఫ్రెడ్‌సన్ కాలి మీద బరువు పెంచుకుంటూ వ్యాయామం మొదలుపెట్టాడు. టెండన్ తెగలేదు, నొప్పి పోయింది. ఈ రంగంలో పనిచేసేవాళ్లంతా చెప్పుకునే కథ ఇది.

ఆయన చేయించే వ్యాయామం చూడ్డానికి సులువు. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, మంచి కాలి సాయంతో మడమలు పైకి లేపాలి. తర్వాత బరువంతా నొప్పి కాలి మీదికి మార్చి, మడమను మెట్టు కంటే కిందికి మెల్లగా దించాలి. మళ్లీ పైకి రావడం మంచి కాలితోనే. 15 సార్లు చొప్పున 3 విడతలు. మోకాలు నిటారుగా పెట్టి ఒకసారి, కాస్త వంచి ఇంకోసారి. పొద్దున, సాయంత్రం, 12 వారాల పాటు రోజూ. లెక్కేస్తే రోజుకు 180. నొప్పి పుట్టినా ఆపకూడదు, నొప్పి లేకుండా చెయ్యగలిగితే వీపుకు సంచి తగిలించి అందులో బరువు వెయ్యాలి. కెనడాలో స్టానిష్, కర్విన్ 1980ల్లోనే ఇలా దించే వ్యాయామాలు చేయించారు. నొప్పిలోంచే చెయ్యమని ఇంత గట్టిగా చెప్పడం మాత్రం కొత్త.

1998లో ఆల్‌ఫ్రెడ్‌సన్ ప్రచురించిన అధ్యయనంలో ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న 15 మంది ఉన్నారు. 12 వారాలయ్యేసరికి 15 మందీ మళ్లీ మునుపటిలా పరిగెత్తారు. పోల్చడానికి తీసుకున్న మరో 15 మందికి మామూలు చికిత్సలు పనిచెయ్యక చివరికి ఆపరేషన్ అయింది. అయితే ఎవరికి ఏ చికిత్స అన్నది చీటీలు తీసి పంచింది కాదు, సంఖ్యా చిన్నదే. తర్వాతి ట్రయల్స్‌లో ఇంత గొప్ప ఫలితం మళ్లీ రాలేదు. వ్యాయామంతో చాలామందికి మేలు జరిగింది గానీ, అందరికీ కాదు.

ఇక ఇంజెక్షన్‌కు అసలు పరీక్ష 2002లో నెదర్లాండ్స్‌లో జరిగింది. లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఆ ట్రయల్‌లో టెన్నిస్ ఎల్బో ఉన్న 185 మందిని మూడు గుంపులు చేశారు: ఇంజెక్షన్, ఫిజియోథెరపీ, ఊరికే వేచి చూడటం. 6 వారాలప్పుడు చూస్తే, బాగైనవాళ్లు ఇంజెక్షన్ గుంపులో 92 శాతం, ఫిజియోథెరపీలో 47, వేచి చూసినవాళ్లలో 32. అధ్యయనం అక్కడితో ఆగి ఉంటే ఇంజెక్షన్‌కు ఎదురే లేదు. ఆగలేదు. 52 వారాలకు లెక్క తిరగబడింది: ఇంజెక్షన్ 69, ఫిజియోథెరపీ 91, ఏమీ చెయ్యకుండా వేచి చూసినవాళ్లు 83. 2013లో ఆస్ట్రేలియాలో 165 మందితో జరిగిన మరో ట్రయల్‌లో స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలో 54 శాతం మందికి నొప్పి తిరగబెట్టింది, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 12 శాతం మందికే. నన్నడిగితే ఇంజెక్షన్ గొడవంతా ఈ క్యాలెండర్‌లోనే ఉంది. ఆరో వారంలో సంతోషంగా వెళ్లిపోయిన రోగినే డాక్టర్ చూస్తారు. ఎనిమిదో నెలలో అతను ఇంకో డాక్టర్ దగ్గర ఉంటాడు.

సర్జరీకీ ఇలాంటి పరీక్షే ఎదురైంది. 2018లో లాన్సెట్‌లో వచ్చిన బ్రిటన్ ట్రయల్‌లో భుజం నొప్పి ఉన్న 313 మందిలో కొందరికి టెండన్ పైనున్న ఎముకను చెక్కారు, కొందరికి కెమెరా పెట్టి చూసి ఊరుకున్నారు. రెండు గుంపుల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. రోగి సొంత రక్తం నుంచి తీసి ఎక్కించే పీఆర్‌పీ (ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న ప్లాస్మా) కూడా అకిలిస్ నొప్పికి 2010లో 54 మందిలో, 2021లో 240 మందిలో ఉత్తుత్తి ఇంజెక్షన్ కంటే మెరుగని తేలలేదు.

టెండన్ ఎందుకింత మొండిదో చెప్పే ఒక అధ్యయనం ఉంది. 1950ల నుంచి 1963 దాకా జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ బాగా పెరిగి, తర్వాత మెల్లగా తగ్గింది. ఒంట్లో ఏ కణజాలం ఏ కాలంలో తయారైందో దీన్నిబట్టి లెక్క కట్టొచ్చు. 2013లో డెన్మార్క్ శాస్త్రవేత్త హైనెమైయర్ బృందం ఇలా అకిలిస్ టెండన్ వయసు చూసింది. దాని నడిభాగం మనిషి 17 ఏళ్లప్పుడు ఎలా తయారైందో, ఆ తర్వాత దాదాపు అలాగే ఉండిపోయింది. అదే మనుషుల కండరం మాత్రం ఎప్పటికప్పుడు మారుతూనే ఉంది.

ఈలోగా పేరు ఇంకోసారి మారింది. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ సంపాదకీయమే టెండినైటిస్ అన్న అపోహను వదిలెయ్యమంది. అటు వాపనీ ఇటు అరుగుదలనీ తేల్చని ‘టెండినోపతి’ ఇప్పుడు ఎక్కువ వాడుకలో ఉంది. అదీ మంచిదే అయింది. తొలి దశలోని టెండన్లను కొత్త పద్ధతులతో చూసినవాళ్లకు రక్షణ కణాల జాడ మళ్లీ కనిపిస్తోంది.

మరి రోజుకు 180 సార్లు అన్న ఆ వ్యాయామం లెక్క? 2014లో 28 మందితో ఒక చిన్న ట్రయల్ చేశారు. ఒక గుంపును లెక్క ప్రకారం 180 చెయ్యమన్నారు, మిగతావాళ్లను ఓపికున్నన్ని చెయ్యమన్నారు. 6 వారాలకు రెండు గుంపులూ ఒకేలా ఉన్నాయి. అయినా మడమ నొప్పితో వెళ్లినవాళ్లకు ఇచ్చే కాగితాల మీద 15 సార్లు, 3 విడతలు, రెండు పూటలా అన్న లెక్క ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.