గట్టిగా అరిచేవాడికే ముందు కట్టాలా? అప్పులు, సిబిల్: అపోహలు - వాస్తవాలు

మొన్న మార్చి నెలాఖరులో, గుంటూరులో సెల్‌ఫోన్ షాపు నడిపే ఒకతను ప్లాస్టిక్ కవర్ నిండా కాగితాలు తెచ్చి నా టేబుల్ మీద కుమ్మరించాడు. చేతిలో 20 వేలు ఉన్నాయి. "మొత్తం క్రెడిట్ కార్డుకే కట్టేస్తాను సార్. వాళ్ల మనిషి రోజూ షాపు ముందు నిలబడుతున్నాడు, పరువు పోతోంది" అన్నాడు. పద్నాలుగేళ్లు బ్యాంకు రికవరీ సెక్షన్లో పనిచేసి, ఇప్పుడు అప్పుల్లో ఉన్నవాళ్లకు సలహాలిస్తున్నాను. వారానికి ఇద్దరైనా ఇదే మాట అంటారు.

అపోహ: ఎక్కువ ఒత్తిడి చేసేవాడికో, పెద్ద బాకీకో ముందు కట్టాలి.

సిబిల్ అంటే మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సంస్థ. దానికి అరుపులు వినపడవు. అది చూసేది గడువు దాటిన రోజులు. రిపోర్టులో ప్రతి లోన్ కింద నెలకో గడి ఉంటుంది. టైముకి కడితే 000, లేదంటే ఎన్ని రోజులు దాటిందో ఆ అంకె. 90 రోజులు దాటితే ఎన్‌పీఏ, అంటే బ్యాంకు లెక్కలో మొండి బాకీ. ఆ గీత దాటిన అప్పు మూడు వేలదా, మూడు లక్షలదా అన్నది తర్వాతి సంగతి.

అతని కాగితాలు ముందేసుకుని లెక్క రాశాం. బైక్ లోన్ కిస్తీ 3,200. మూడు కిస్తీలు ఆగి 84 రోజులైంది. ఇంకో వారం పోతే ఎన్‌పీఏ, అసలు ఆ ఫైనాన్స్ వాళ్లు గట్టిగా ఫోన్ కూడా చేయడం లేదు! పర్సనల్ లోన్ కిస్తీ 7,400, దానికి 27 రోజులు. కార్డు బాకీ 46 వేలు, దాటింది 12 రోజులే, మినిమమ్ డ్యూ (ఆ నెలకు కనీసం కట్టాల్సింది) 2,300. బైక్‌కి 9,600, పర్సనల్ లోన్‌కి 7,400, కార్డుకి 2,300, వెరసి 19,300. మిగిలిన 700 పెనాల్టీలకు. మొత్తం కార్డులో పోసి ఉంటే కార్డు బాకీ సగం కూడా తీరేది కాదు, బైక్ మాత్రం ఎన్‌పీఏ అయ్యేది.

"మరి షాపు ముందు మనిషి?" అన్నాడు. భయం నాకు అర్థమవుతుంది. ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని, బెదిరించకూడదని రిజర్వ్ బ్యాంకు రూల్. మినిమమ్ కట్టిన రసీదు చూపించు, మీద పడితే బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టు అన్నాను.

ఇంకో మెలిక ఉంది, ఇది చదువుకున్నవాళ్లకే ఎక్కువ తగులుతుంది. ఒకే బ్యాంకులో మీకు రెండు మూడు అప్పులుంటే, ఒకటి ఎన్‌పీఏ అయితే మిగతావీ అయినట్టే. ఇంటి లోన్ ఒక్క నెల కూడా తప్పని ఒక టీచరమ్మ, అదే బ్యాంకు కార్డు మీద ఆరు వేలు "తర్వాత చూద్దాంలే" అని వదిలేశారు. ఇంటి లోన్‌కి కూడా నోటీసు వచ్చింది. ఆమె నా ముందు కూర్చుని ఏడ్చారు. అందులోంచి బయటపడాలంటే వడ్డీ కడితే సరిపోదు, ఆగిన బకాయి మొత్తం కట్టాలి.

అపోహ: మినిమమ్ కట్టేస్తే కార్డుతో గొడవ లేదు. రిపోర్టు పాడవదు, అంతవరకే. మిగిలిన దాని మీద నెలకు సుమారు మూడున్నర శాతం వడ్డీ పడుతూనే ఉంటుంది. చేతిలో డబ్బు లేని నెలకి మాత్రమే ఇది మందు.

అపోహ: సెటిల్‌మెంట్ (కొంత కట్టి, మిగతాది మాఫీ) చేసుకుంటే అప్పు పోయినట్టే. బాకీ పోతుంది, రిపోర్టులో 'సెటిల్డ్' అని మిగులుతుంది. మొత్తం కట్టి తీర్చిన 'క్లోజ్డ్' వేరు, 'సెటిల్డ్' వేరు. ఆ సీట్లో ఉన్నప్పుడు నేనే ఎందరిచేతో సంతకాలు పెట్టించాను, ఈ తేడా ఒక్కరికీ చెప్పలేదు. టార్గెట్ అలాంటిది. రెండేళ్ల తర్వాత వాళ్లలో ఒకాయన కూతురి చదువు లోన్ కోసం అదే బ్రాంచికి వచ్చి, నా మొహం చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

మిగతావి చకచకా. మీ సిబిల్ స్కోరు మీరు చూసుకుంటే తగ్గదు, ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితం కూడా. కరెంటు బిల్లు సిబిల్‌కి ఎక్కదు, కానీ ఫ్యూజు పీకుతారు, షాపున్నవాడు అది ముందే కట్టుకోవాలి. బావమరిది లోన్‌కి హామీ సంతకం పెడితే అది మీ రిపోర్టులోకీ వస్తుంది. బ్యాంకులు నెలకోసారే పంపుతాయిలే అనుకోవద్దు. కనీసం పదిహేను రోజులకోసారి పంపాలన్న రూల్ 2025 జనవరిలోనే వచ్చింది.

షాపు అతను మేలో మళ్లీ వచ్చాడు. బైక్ లోన్ గడిలో 000 పడింది, వెనక ఆ 84 అలాగే ఉంది. మూడేళ్ల చరిత్ర కనబడుతుంది కాబట్టి ఉంటుంది. ఐదు వేలిస్తే తుడిపేయిస్తానని ఎవరో చెప్పారట. ఆ ఐదు వేలు పర్సనల్ లోన్ కిస్తీలో వేసుకోమన్నాను.